వరద సాయం జాబితాలో మీరు ఏ గడిలో ఉన్నారు? చెయ్యేటి ఊళ్లలో పనిచేసిన అనుభవం

సాయం ఎవరికి ఎంత వస్తుందో నష్టం రాసుకునే వారంలోనే తేలిపోతుంది. తర్వాత చేసే ధర్నాలు, ఇచ్చే అర్జీలు, పేపర్లో వేయించే ఫొటోలు అన్నీ ఆ రాతను దిద్దించుకోడానికి పడే తంటాలే. రాజంపేట చుట్టుపక్కల చెయ్యేరు నది ఒడ్డు ఊళ్లలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున, బాధితుల పక్షాన ఆఫీసులతో పనిచేస్తూ మేం కుదుర్చుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. బియ్యం, దుప్పట్లు పంచే పని గురించి కాదు. దానికి మొదటి వారం మనుషులకూ డబ్బుకూ కొదవుండదు. అందరూ వెళ్లిపోయాక ఊళ్లో మిగిలే కాగితాల పని ఇది.

2021 నవంబరు 19 తెల్లవారుజామున, పైన పింఛా ప్రాజెక్టు తెగి వచ్చిన నీళ్లు కూడా తోడై, చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. దిగువన పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు లాంటి ఊళ్ల మీద చెయ్యేరు విరుచుకుపడింది. కట్ట తెగిన వరద గంటల్లో వచ్చి గంటల్లో పోతుంది. 2009 అక్టోబరు 2న కర్నూలును ముంచిన తుంగభద్ర, హంద్రీ నీళ్లు అలా కాదు, వీధుల్లో నిలబడిపోయాయి. ఈ తేడా కాగితం మీద చాలా పెద్దది. బట్టలకూ వంటపాత్రలకూ ఇచ్చే సాయం ఇల్లు కొట్టుకుపోయినా, పూర్తిగా దెబ్బతిన్నా, లేదంటే రెండు రోజులకు మించి మునిగినా వస్తుంది. చెయ్యేటి ఊళ్లలో ఇంట్లో చెంబు కూడా మిగల్లేదు, కానీ నీళ్లు రెండు రోజులు నిలవలేదు. అలాంటి చోట ‘మా ఇల్లు మునిగింది’ అని రాసిచ్చిన కుటుంబం ఆ ఒక్క మాటతో పక్కకు పోతుంది. ముందు ఇల్లు కొట్టుకుపోయిందనో, పూర్తిగా దెబ్బతిన్నదనో ఉన్నది ఉన్నట్టు రాయించాలి. నీళ్లు ఎన్ని గంటలున్నాయన్నది ఆ తర్వాతి మాట.

పనిలోకి దిగే ముందు అందరూ కంఠతా పట్టాల్సింది కేంద్ర హోంశాఖ రాష్ట్ర విపత్తు స్పందన నిధికి ఇచ్చిన రేట్ల పట్టిక. వరద ఏ తేదీన వచ్చిందో ఆ తేదీకి అమల్లో ఉన్న పట్టికే వర్తిస్తుంది. 2021 వరదకు 2015లో వచ్చిన పట్టిక. దాని ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా గానీ తీవ్రంగా గానీ దెబ్బతిన్న ఇంటికి 95,100 రూపాయలు. పాక్షికంగా దెబ్బతింటే పక్కా ఇంటికి 5,200, కచ్చా ఇంటికి 3,200. అదీ కనీసం 15 శాతం దెబ్బతింటేనే. 2022 అక్టోబరులో రేట్లు పెంచారు. 2022-23 నుంచి 2025-26 వరకు పూర్తి నష్టానికి 1,20,000, పాక్షికానికి పక్కా ఇంటికి 6,500, కచ్చాకు 4,000. గుడిసె దెబ్బతిన్నా, పూర్తిగా పోయినా 8,000, గొడ్లపాకకు 3,000. వీటి మీద రాష్ట్రం తన డబ్బు కలిపి ఎక్కువ ఇవ్వొచ్చు, దానికి వేరే జీవో వస్తుంది. ఆ జీవో కాపీ చేతిలో లేకుండా ‘ప్రభుత్వం ఇంత ప్రకటించిందంట’ అని ఊళ్లో మాట్లాడకూడదు.

అంకెలు మళ్లీ చూడండి. ఒకే ఇల్లు, ఒకే వరద. ‘తీవ్రం’ గడిలో పడితే 95,100, ‘పాక్షికం’ గడిలో పడితే 5,200. ఆ గడి నింపేది గ్రామ సచివాలయం నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు, ఇంటికి పట్టుమని పది నిమిషాలు కూడా లేకుండా, పై నుంచి ‘రేపటికల్లా అప్‌లోడ్ కావాలి’ అన్న ఫోన్ల మధ్య. వాళ్లలో కొందరి ఇళ్లూ వరదలో పోయినవే. అందుకే వాళ్లతో తగువుకు దిగడం కన్నా వాళ్ల పని తేలికచేసే కాగితం ముందే తయారుచేసి పెట్టడం మేలు.

ఆ కాగితమే మన సొంత లెక్క. ప్రభుత్వ టీమ్ ఊళ్లోకి రాకముందే ఇంటింటికీ తిరిగి రాయాలి. డోరు నంబరు, కుటుంబ పెద్ద పేరు, ఆధార్, రేషన్ కార్డు నంబరు, గోడ దేనితో కట్టింది, కప్పు దేనిది, గోడ మీద బురద గీత నేల నుంచి ఎన్ని అంగుళాలు, ఏం కూలింది, ఎన్ని గొడ్లు పోయాయి, భూమి సర్వే నంబరు సబ్‌డివిజన్‌తో సహా, పంట ఏది, ప్రభుత్వ ఆన్‌లైన్ పంటల నమోదు ఈ-క్రాప్‌లో ఎక్కిందా లేదా, సేద్యం సొంతమా కౌలా, ఏయే కాగితాలు పోయాయి, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది. ఒక్కో ఇంటికి ఒక పేజీ. వరుసలు మన ఇష్టం వచ్చినట్టు కాకుండా ప్రభుత్వ ఫారంలో ఉన్న వరుసలోనే ఉండాలి. అప్పుడే వీఆర్వో దాన్ని పక్కన పెట్టుకుని నింపుకుంటాడు.

తిరిగేది ఊరి నడుమ నుంచి మొదలుపెట్టొద్దు. ప్రభుత్వ టీములు రామాలయం దగ్గర కుర్చీలు వేయించుకుని మొదలుపెడతాయి, వెలుతురు పోయేసరికి చివరి వీధులు మిగిలిపోతాయి. మనం ఏటి ఒడ్డున ఉన్న యానాదుల గుడిసెలు, ఎస్సీ కాలనీ, తోటల్లో కాపలా ఉండే కుటుంబాలు, ఇటుక బట్టీ కూలీలు, ఈ వరుసలో ఊళ్లోకి రావాలి. డోరు నంబరే లేని గుడిసెను ‘ఫలానా సర్వే నంబరులో, ఫలానా కరెంటు స్తంభానికి తూర్పున’ అని రాస్తే చాలు. విపత్తు నిర్వహణ చట్టం 2005లో 61వ సెక్షన్ సాయంలో కులం, మతం, ఆడ మగ తేడా చూపకూడదని చెప్తుంది. ఆ సెక్షన్‌ను ఊరికే వల్లె వేస్తే ఎవరూ పట్టించుకోరు. ఫలానా కాలనీలో ఇన్ని ఇళ్లు దెబ్బతింటే జాబితాలో ఇన్నే ఉన్నాయని పట్టికతో చూపించినప్పుడే దానికి బలం.

ఒకే కార్డు మీద రెండు పొయ్యిలుండడం ఇంకో చిక్కు. పెళ్లయిన కొడుకు అదే ఇంట్లో వేరే వంట చేసుకుంటుంటాడు, రేషన్ కార్డు మాత్రం తండ్రి పేరునే. కుటుంబానికి ఇంత అని ఇచ్చే సాయం కార్డుకు ఒకటే వస్తుంది. వేరు కార్డుకు ముందే దరఖాస్తు పెట్టి ఉంటే ఆ రసీదు జతచేయాలి. లేకపోతే వేరు గ్యాస్ కనెక్షన్, కరెంటు మీటరు, డ్వాక్రా సంఘంలో కోడలి పేరు, ఏది దొరికితే అది. అందరికీ ఒప్పుకుంటారని చెప్పలేను, ఆధారం ఉన్నచోట ఒప్పుకుంటారు.

ఇప్పుడు ఇళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఫారంలో పక్కా, కచ్చా, గుడిసె అని ఉంటుంది. మా సీమ ఊళ్లలో ఉండేవి బోదగడ్డి కప్పిన కొట్టాలు, మట్టిమిద్దెలు, రేకుల ఇళ్లు, స్లాబు ఇళ్లు, వీటికి తోడు మట్టితో పేర్చిన రాతిగోడల మీద కడప బండలు పరిచిన పాత ఇళ్లు. ఈ చివరిది చూడ్డానికి రాయి కాబట్టి గట్టిగా కనిపిస్తుంది. వరద పోయిన మర్నాడు నిలబడే ఉంటుంది కూడా. టీమ్ వచ్చి చూసి ‘పాక్షికం’ అని రాసి వెళ్తుంది. అసలు కథ తర్వాత మొదలవుతుంది. రాళ్ల మధ్య మట్టి నీళ్లు తాగి మెత్తబడి పట్టు వదిలేస్తుంది. ఎండ కాసి ఆరేకొద్దీ కుంచించుకుపోయి గోడ లోపల్లోపల ఖాళీ పడుతుంది. పైన బండల బరువు తగ్గదు కదా. వారానికో పది రోజులకో ఒక మూల ఒరిగి, దూలం జారి, బండలు కిందికొస్తాయి. అప్పటికి జాబితా అప్‌లోడ్ అయిపోయి ఉంటుంది. ఆ ఇంట్లో పడుకోవద్దని చెప్పడం మొదటి పని, రాయించడం రెండోది.

నిలబడి ఉన్న ఇల్లు తీవ్రంగా దెబ్బతిన్నదని చూపడానికి కొలతలు కావాలి. మేస్త్రీ తూకం గుండు గోడ పైనుంచి వేలాడదీసి, కింద ఎన్ని అంగుళాలు తేడా వచ్చిందో టేపు పెట్టి ఫొటో తీయాలి. నెర్రె గోడకు ఒకవైపే ఉందా, అవతలి వైపుకూ పోయిందా చూడాలి. అవతలికి పోయిన నెర్రె పూతలో వచ్చే చిన్న చీలిక లాంటిది కాదు, గోడ రెండుగా విడిందని అర్థం. నెర్రె రెండు కొసల దగ్గరా పెన్సిలుతో అడ్డగీత గీసి పక్కన తేదీ వేయండి. నాలుగు రోజుల తర్వాత నెర్రె గీత దాటిపోయిందంటే గోడ ఇంకా కదులుతోందని దానికదే సాక్ష్యం. పునాది పక్కన మట్టి ఎంత లోతు కోసుకుపోయింది, మూలల దగ్గర రెండు గోడలూ విడిపోయాయా, దూలాలు, దంతెలు గోడలోంచి ఎంత బయటికి జరిగాయి, ఇవి కూడా. ఫొటోలు ఫోన్లో లొకేషన్, తేదీ పడే కెమెరా యాప్‌తో తీయాలి. ఇంటి నాలుగు వైపులా నాలుగు, లోపల దెబ్బతిన్నచోట దగ్గరగా, ఇంటివాళ్లు డోరు నంబరు పక్కన నిలబడింది ఒకటి. ఇవన్నీ పెట్టి సచివాలయంలో ఉన్న ఇంజినీరింగ్ అసిస్టెంటును పిలిపించి రాయించాలి. ఆయన సంతకం పడ్డ రెండు వాక్యాలకు ఉన్న విలువ మన పది పేజీల నివేదికకు ఉండదు.

చాలామంది ఇంకో తప్పు చేస్తారు. చుట్టాలు వచ్చి సాయం పడితే రెండు రోజుల్లో కూలిన గోడ ఎత్తేసి, బురద కడిగి, ముగ్గు కూడా వేసేస్తారు. టీమ్ వచ్చేసరికి చూపించడానికి ఏమీ ఉండదు. శుభ్రం చేసుకోవద్దని ఎవరం చెప్పగలం? ఫొటో తీసేదాకా ఆగమని చెప్పగలం. ఒక గోడ మీద బురద గీతను మాత్రం కడగకుండా వదిలేయమనాలి.

ఇళ్ల తర్వాత చెయ్యేటి పొడవునా పెద్ద గొడవ ఇసుక మేట. అరటి, బొప్పాయి, నిమ్మ తోటలు, వరి కయ్యలు ఏటి ఇసుక కింద పోయాయి. పట్టిక ప్రకారం మూడంగుళాలకు మించి ఇసుకో ఒండ్రో మేట వేస్తే తీయడానికి హెక్టారుకు సాయం. 2015 రేటు 12,200, 2022 రేటు 18,000. నేల కోసుకుపోయి పొలమే ఏరైతే అది వేరే పద్దు. చిన్న, సన్నకారు రైతులకు హెక్టారుకు పాత రేటు 37,500, కొత్తది 47,000. ఒకే సర్వే నంబరులో పై కొస కోతపడి, కింది కొస మేట వేసి ఉంటుంది. టీమ్ మొత్తానికీ ‘మేట’ అని రాసేస్తుంది. కోత ఎన్ని సెంట్లు, మేట ఎన్ని సెంట్లు అని విడగొట్టి రాయించుకోవాలి.

మేట లోతు కొలవడానికి గుంటలు తవ్వితే పొడి ఇసుక మళ్లీ జారి పూడుతుంది. అరంగుళం ఇనుప చువ్వకు అంగుళాల గుర్తులు పెట్టుకుని గుచ్చడం తేలిక. పాత నేల తగలగానే చేతికి తెలుస్తుంది, లాగితే మొనకు జిగురుమట్టి అంటుకుని వస్తుంది. ఎకరాకు నాలుగు మూలలా, నడుమ ఒకచోట గుచ్చి, ప్రతిచోటా చువ్వ కనపడేలా ఫొటో తీసి, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల) పటం కాపీ మీద ఆ లోతులు రాయాలి. గట్లు, హద్దురాళ్లు కప్పడిపోయి ఉంటాయి కాబట్టి గ్రామ సర్వేయరు చేత హద్దులు చూపించుకునే అర్జీ ముందే పెట్టాలి. జేసీబీ దిగాక హద్దు అడిగితే అన్నదమ్ముల మధ్య కొత్త తగాదా మొదలవుతుంది.

ఈ సాయం ఎంత తక్కువో ఆఫీసరుకు లెక్క కట్టి చూపించాలి. ఒక ఎకరంలో ఒక అడుగు మందం ఇసుక అంటే 43,560 ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రాలీకి 100 ఘనపుటడుగులు అనుకుంటే 435 ట్రిప్పులకు పైమాటే. కొత్త రేటు ఎకరాకు సుమారు 7,285 రూపాయలు పడుతుంది, అంటే ట్రిప్పుకు 17 రూపాయలు కూడా లేవు. ఈ లెక్క ఒక్క పేజీలో రాసిస్తే జిల్లా స్థాయిలో మాట కదులుతుంది, ‘రైతులను ఆదుకోవాలి’ అని రాస్తే కదలదు. మేం అడిగింది ప్రభుత్వ యంత్రాలతో తీయించమని, లేదా ఉపాధి హామీలో భూమి బాగుచేసే పని కింద చేర్చమని. అయితే ఇక్కడో మెలిక ఉంది. వేరే ప్రభుత్వ పథకం కింద అదే పనికి సాయం పొందితే, లేదా పొందే అర్హత ఉంటే, ఈ నిధి నుంచి మేటకు, కోతకు ఇవ్వరు. ఏది ఎక్కువ, ఏది ముందు వస్తుందో రైతుకు చెప్పి, ఆయన తేల్చుకున్నాకే సంతకం పెట్టించాలి.

ఇంకో జాగ్రత్త. మేట పడ్డ వారంలోనే టిప్పర్లవాళ్లు వస్తారు, ‘ఊరికే తీసుకుపోతాం రెడ్డీ, మీకు ఖర్చు లేదు’ అని. గనుల శాఖ అనుమతి లేకుండా పట్టా భూమిలో ఇసుకైనా సరే బయటికి అమ్మితే కేసు. బండి పట్టుబడితే పొలం ఎవరిదని అడుగుతారు. పైగా వాళ్లు మేట వరకే తీసి ఆగరు, పాత నేల కూడా నాలుగడుగులు తవ్వుకుపోతారు. అనుమతి కాగితంలో లోతు అంకె ఉండాలి, మనం గుచ్చి రాసిన లోతే అందులో పడాలి.

బోరు మోటార్లు, స్టార్టర్లు, డ్రిప్ పైపులు పోయినవాళ్లకు ఈ పట్టికలో గడే లేదు. వాటిని ఇళ్ల అర్జీలోనో పంట అర్జీలోనో కలిపి రాస్తే అదీ పాడవుతుంది. రాష్ట్ర ప్రభుత్వానికి వేరుగా రాయాలి.

పంట నష్టంలో మూడు తెలిస్తే చాలు. 33 శాతం, అంతకు మించి నష్టం ఉండాలి. రెండు హెక్టార్ల వరకే లెక్క. 2022 రేట్లు హెక్టారుకు వర్షాధారానికి 8,500, నీటి వసతి కింద 17,000, బహువార్షిక పంటలకు 22,500. మిగతా చిక్కంతా ఎవరి పేరున అన్నదే. ఈ-క్రాప్‌లో భూమి యజమాని పేరుంటే డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది, సేద్యం చేసి అప్పులపాలైన కౌలురైతుకు రాదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే పత్రం ఉంటే కౌలురైతు మాట నిలబడుతుంది, కానీ దానికి యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనని చాలామంది పెట్టరు. ఆ పత్రం పదకొండు నెలలకే, పంట మీదే గానీ భూమి మీద హక్కు ఇవ్వదని చట్టంలో ఉన్నది చదివి వినిపిస్తే కొందరు దారికొస్తారు. వరద వచ్చాక మాత్రం చేయగలిగింది యజమాని చేత ‘ఈ పంట ఫలానా వ్యక్తి వేశాడు, సాయం అతనికివ్వడానికి నాకు అభ్యంతరం లేదు’ అని రాయించి జాబితా ఖరారు కాకముందు ఇవ్వడమే.

రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు పనిచేసేవాళ్లు కువైట్‌కు పనికి వెళ్లిన ఇంటి మగవాళ్ల గురించి కూడా ఆలోచించాలి. కార్డులో కుటుంబ పెద్ద ఆయన, పట్టా ఆయన పేరున, ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు ఇక్కడ ఆగిపోయి ఏళ్లయింది. ఈకేవైసీకి, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూడ్డానికి, వేలిముద్ర కావాలంటారు, మనిషి అక్కడున్నాడు. ‘ఆయనొచ్చేదాకా ఆగమంటే ఎట్ల సారూ, ఇల్లు పోయింది నాదే గదా’ అని ఆయన భార్య అడిగేదానిలో న్యాయముంది. మేం ఇలాంటి ఇళ్లన్నిటికీ మొదటి రోజే వేరే రంగు కాగితం వాడి, ఇంట్లో ఉంటున్న భార్య పేరున సాయం నమోదు చేయమని, రేషన్ కార్డులో ఆమె పేరున్న పేజీ కలిపి అర్జీ పెట్టించాం. జాబితా ముగిశాక పేరు మార్పించడం కన్నా ఇది నూరుపాళ్లు తేలిక.

గొడ్ల విషయంలో శవం లేకపోవడమే సమస్య. చచ్చిన గొడ్డుకు పశువుల డాక్టరు పంచనామా రాస్తాడు, ఏటిలో కొట్టుకుపోయినదానికి ఎవరు రాస్తారు? చెవి పోగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది, గాలికుంటు టీకా వేసినప్పుడు దాన్ని రికార్డులో ఎక్కించి ఉంటారు. ఆ రికార్డు బయటికి తీయించాలి. పాల కేంద్రంలో పాలు పోసిన ఖాతా పుస్తకం, ఇన్సూరెన్సు కాగితం, గొడ్డు కొనడానికి తీసుకున్న డ్వాక్రా అప్పు పద్దు, ఇవన్నీ పనికొస్తాయి. 2022 రేట్లు పాడి బర్రెకు, ఆవుకు 37,500, గొర్రెకు, మేకకు 4,000, ఎద్దుకు 32,000. కుటుంబానికి పెద్ద పాడిపశువులైతే మూడు, చిన్నవైతే ముప్పై వరకే. నూరు గొర్రెలు పోయిన కాపరికి ముప్పైకే వస్తుంది. అన్నదమ్ములు ఒకే మందలో కలిపి తోలుకునేవాళ్లయితే ఎవరి గొర్రెలు ఎన్నో మొదటే విడివిడిగా రాయించాలి.

పోయిన కాగితాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. భూమి రికార్డులు అడంగల్, 1బి ఆన్‌లైన్లో తీసుకోవచ్చు, ఆధార్ సచివాలయంలోనే ప్రింటు అవుతుంది. ఊళ్లోనే ఒకరోజు అన్ని శాఖల క్యాంపు పెట్టించమని తహసీల్దారును అడగండి, ఒక్కో కాగితానికి ఒక్కో కూలి రోజు పోకుండా ఉంటుంది.

జాబితాను సచివాలయం గోడకు అంటిస్తారు, అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువు. అంటించిన పూటే ప్రతి పేజీ ఫొటో తీసి, సాయంత్రం కూలీలు ఇళ్లకొచ్చాక మైకులో చదవాలి. పేరు ఉందా అని చూసుకుని తృప్తిపడిపోతారు. పేరు పక్కన ఏ గడి, ఎన్ని సెంట్లు, ఖాతా నంబరు చివరి నాలుగంకెలు సరిపోయాయా చూడమని చెప్పాలి.

అర్జీలు ఎవరివి వాళ్లే పెట్టాలి. అరవై సంతకాలతో ఒక అర్జీ ఇస్తే దానికొచ్చేది ఒక్క ఇన్‌వర్డ్ నంబరు, ‘పరిశీలించడమైనది’ అన్న ఒక్క జవాబు. అదే అరవై అర్జీలైతే అరవై ఫైళ్లకు జవాబు చెప్పాలి. పైన ఒక కవరింగ్ లెటరు, అందులో వరుస నంబర్లతో పట్టిక పెడితే గుమాస్తాకూ సులువు. అర్జీ ఇంత పొడవుంటే చాలు:

‘ఫలానా గ్రామం, డోరు నం. ఇది, రేషన్ కార్డు నం. ఇది. ఫలానా తేదీన అంటించిన జాబితాలో వరుస సంఖ్య ఇంతలో నా ఇల్లు పాక్షికంగా దెబ్బతిన్నట్టు ఉంది. తూర్పు గోడ నిలువు నుంచి నాలుగంగుళాలు ఒరిగింది, నెర్రె గోడ అవతలికి పోయింది, రెండు దూలాలు జారాయి. కొలతలు, ఫొటోలు జతపరిచాను. ఇంజినీరింగ్ అసిస్టెంటు చేత పునఃపరిశీలన చేయించి, తీవ్రంగా దెబ్బతిన్న ఇళ్లలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.’

అందులో మా బాధ, మా పేదరికం, మీరే దిక్కు లాంటివి వద్దు. రెండు కాపీలు, మనదాని మీద సీలు, తేదీ, నంబరు. సీలు వేయకుండా ‘పెట్టిపోండి, చూస్తాం’ అన్నచోట అదే అర్జీని సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో పెట్టి అక్కడి రసీదు తీసుకోవాలి.

‘మీరు ఏ పార్టీ?’ అని ఊళ్లో మొదటి రోజే అడుగుతారు, కడప జిల్లాలో ఇది తప్పదు. జాబితాలో అనర్హుల పేర్లున్నాయని మనం వెంటపడితే ఒక వర్గం మనిషిగా ముద్రపడి, అర్హుల పని కూడా ఆగిపోతుంది. మా కట్టుబాటు పేర్లు చేర్పించడం వరకే. అబద్ధపు క్లెయిముకు విపత్తు చట్టం 52వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు ఉంది, దాన్ని చూసుకునేవాళ్లు వేరే ఉన్నారు. కానీ మన లెక్కలో ఒక్క దొంగ పేరు దూరినా మొత్తం లెక్క చెల్లకుండా పోతుంది కాబట్టి మన పేజీలు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు రెండుసార్లు సరిచూడాలి. బియ్యం కిట్లు పంచేవాళ్లు, అర్జీలు రాసేవాళ్లు వేరు వేరుగా ఉండటం కూడా ఇందుకే. ఒకే మనిషి రెండూ చేస్తే, సంతకం పెట్టకపోతే కిట్ రాదేమోనని జనం ఎక్కడ పడితే అక్కడ సంతకం పెట్టేస్తారు.

డబ్బు విడుదలయ్యాక సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లు కార్డు నకలు పెడితే ఎక్కడా ఫీజు లేదు. జవాబుకు 30 రోజులు, రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. ‘ఎందుకివ్వలేదు’ అని అడిగితే అది సమాచారం కాదంటారు. ఫలానా గ్రామం ఇళ్ల నష్టం ఫారాల నకళ్లు, పంచనామాల నకళ్లు, పునఃపరిశీలన నివేదికలు, చెల్లింపు విఫలమైన పేర్ల జాబితా కారణంతో సహా, ఇలా ఉన్న కాగితాన్ని పేరు పెట్టి అడగాలి. చివరిది అన్నిటికన్నా విలువైనది. మంజూరై, ఖాతా వాడకంలో లేదనో ఆధార్ కలపలేదనో వెనక్కిపోయిన డబ్బు చాలా ఊళ్లలో ఉంటుంది, ఆ మనిషి తనకు రాలేదనే అనుకుంటాడు. పేరు తెలిస్తే బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం నింపి మళ్లీ పంపించమని రాయడమే. 2022 ఏప్రిల్‌లో రాజంపేట వైపు మండలాలు కడప నుంచి అన్నమయ్య జిల్లాలోకి మారాయి, పాత ఫైళ్లు ఎక్కడున్నాయో రెండు కలెక్టరేట్లలోనూ ఒకరి మీద ఒకరు చెప్పే అవకాశం వచ్చింది. అలాంటప్పుడు సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ గుర్తుచేయండి. తన దగ్గర లేని సమాచారమైతే ఉన్న ఆఫీసుకు ఐదు రోజుల్లో దరఖాస్తు అందుకున్న అధికారే పంపాలి, దరఖాస్తు తిప్పి ఇవ్వకూడదు.

శవం దొరకని కుటుంబాలకు ఏడేళ్లు ఆగాలని ఎవరో ఒకరు చెప్పేస్తారు. 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాత విచారణ జరిపి, పేర్లు ప్రకటించి, అభ్యంతరాలు పిలిచి, ఏడేళ్లు ఆగకుండానే మరణ ధ్రువీకరణ ఇచ్చిన దారి ఉంది. దానికి పునాది పోలీసు స్టేషన్లో రాయించిన మిస్సింగ్ ఫిర్యాదు, చివరిసారి చూసినవాళ్ల వాంగ్మూలం. దుఃఖంలో ఉన్నవాళ్లను దీనికి కదిలించడం కష్టం. అయినా మొదటి రోజుల్లోనే, దగ్గరి చుట్టం ఒకరిని తోడు పెట్టుకుని రాయించాలి. కోర్టు దాకా పోవాల్సి వస్తే లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987లో 12వ సెక్షన్ వరద, కరువు, భూకంప బాధితులను ఉచిత న్యాయ సాయానికి అర్హులుగా చెప్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక తెల్లకాగితం అర్జీ చాలు.

బ్యాంకు అప్పులు ఆఖరున గుర్తొస్తాయి, అప్పటికి నోటీసులు వచ్చి ఉంటాయి. రిజర్వు బ్యాంకు 2018 ఆదేశాల ప్రకారం పంట నష్టం 33 నుంచి 50 శాతం ఉంటే పంట రుణాన్ని రెండేళ్ల వరకు, 50 శాతం, ఆపైన ఉంటే ఐదేళ్ల వరకు తిరిగి కట్టేలా మార్చొచ్చు. అందులో కనీసం ఏడాది ఏమీ కట్టనక్కర్లేని గడువుంటుంది. దీనికి ఆ ప్రాంతాన్ని విపత్తు ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించిన ఉత్తర్వు, బ్యాంకర్ల కమిటీ తీర్మానం ఉండాలి. ఆ తీర్మానం నకలు జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరు దగ్గర అడిగి తీసుకుని, బ్రాంచికి ఇచ్చే రైతు అర్జీకి కుట్టండి. పంట నష్టం జాబితాలో రైతు పేరున్న పేజీ కూడా దాని వెనకే ఉండాలి. శాతం గడి ఖాళీగా ఉంటే బ్రాంచిలో ఆ కాగితం చెల్లదు. కాబట్టి పొలంలో రాసుకునే రోజునే వ్యవసాయ అసిస్టెంటు చేత ఆ అంకె వేయించుకోవాలి.